నీటి అడుగున నేల: కొలాబు నుండి కొలరాడో దాకా

(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగపాఠం)

 

డెబ్బయి అయిదేళ్లంటే మనిషికి వార్ధక్యం. పాఠశాలకు మాత్రం అది జ్ఞాపకం పరిపక్వమయ్యే వయస్సు. తాత అక్షరాలు దిద్దిన బడిలోనే మనుమడు పదవ తరగతి పూర్తిచేసే కాలమది. తన చుట్టుపట్ల ఒకప్పుడు ఏది ఉండేదో, ఏది కనుమరుగైనదో సాక్ష్యం చెప్పగల అర్హత అటువంటి విద్యాలయానికి లభిస్తుంది. ఇటువంటి సభలో పడవ విహారాలను గురించి ప్రసంగించడం కొందరికి వింతగా తోచవచ్చును. కాని ఈ విషయం కూడా జ్ఞాపకానికి సంబంధించినదే. పడవలో కూర్చున్న యాత్రికుడు నీటిని చూస్తాడు, ఒడ్డున కొండలను చూస్తాడు. ఆ నీటి అడుగున ఉన్న నేలను గురించి అతనికి చెప్పేవారెవరు? ఈ ప్రసంగానికి మూలమైన ప్రశ్న ఇది.

సాలూరు నుండి ఘాట్‌రోడ్డు మలుపులెక్కి పొట్టంగి చేరేవారికి మొదట స్వాగతం పలికేది చల్లని గాలి. ఒడిశా రాష్ట్రంలో అత్యున్నత శిఖరమైన దేవమాలి ఈ ప్రాంతంలోనిదే. దాని ఎత్తు 1,672 మీటర్లు. ఈ తూర్పు కనుమల శ్రేణిలోని సింకరం కొండలలో కొలాబు నది పుట్టింది. పుట్టినచోట పిల్లలు సైతం దాటగలిగిన ఏరు అది. కొరాపుట్ సమీపాన ఆనకట్ట వద్ద విశాలమైన జలాశయమై, అక్కడి నుండి పల్లానికి దిగి, శబరి అనే పేరు ధరించి, మూడు రాష్ట్రాల సరిహద్దుల వెంట ప్రవహిస్తుంది. మోటు పరిసరాలలో సీలేరును కలుపుకొని, కూనవరం వద్ద గోదావరిలో లీనమవుతుంది. కూనవరం దాటిన గోదావరి మరికొంత దూరంలోనే పాపికొండల నడుమ ఇరుకున ప్రవేశిస్తుంది. అనగా, ఈ కొండల పడమటి వాలులపై కురిసిన వానలో కొంతభాగం పాపికొండల లాంచీల కిందుగా సాగి, రాజమహేంద్రవరం రేవులను తాకి, సముద్రాన్ని చేరుతున్నది.

ఈ నీటిబాటను మొదట చెప్పడానికి కారణమున్నది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడేవరకు కొరాపుట్ ప్రాంతం మద్రాసు రాజధానిలోని విశాఖపట్నం జిల్లాలో భాగంగా ఉండేది. జయపురం ప్రభువు విక్రమదేవవర్మ తెలుగు, ఒడియా భాషలు రెండింటిలోను పండితుడు, ఆంధ్ర విశ్వకళాపరిషత్తును ఉదారంగా పోషించిన దాత. పాలనాపరమైన ఎల్లలు మారినవి. నది మాత్రం పాతదారిలోనే పోతున్నది. కొలాబు ఒడ్డున జరిగినదానికి, గోదావరి ఒడ్డున జరుగుతున్నదానికి నడుమ ఉన్న సంబంధాన్ని ఈ నీటిబాటే చూపుతుంది. ఆ సంబంధం స్పష్టంగా కనిపించడానికి ముందుగా ఒకసారి చాలా దూరదేశానికి, అమెరికాలోని ఒక ఎడారికి వెళ్లిరావలసి ఉన్నది.

కొండలను కోసుకొని నది వెళ్లిన ఇరుకుదారికి తెలుగులో గండి అని పేరు. గండికోటకు ఆ పేరు వచ్చినది పెన్న ఎఱ్ఱమల కొండలను చీల్చిన గండి వల్లనే. గోదావరి ఒడ్డున వెలసిన గండి పోచమ్మ పేరులోనూ ఆ మాటే ఉన్నది. అమెరికా నైరుతి ప్రాంతంలో కొలరాడో నది చేసిన పని కూడా ఇటువంటిదే, కాని అక్కడ పరిమాణం ఎన్నో రెట్లు పెద్దది. ఎఱ్ఱని ఇసుకరాతి పీఠభూమిని లక్షల సంవత్సరాలుగా కోసి, వందల కిలోమీటర్ల పొడవున వరుస గండ్లను ఆ నది తొలిచింది. కొరాపుట్‌లో ఏడాదికి 150 సెంటీమీటర్లకు అటూ ఇటూగా వాన కురుస్తుంది. ఆ ఎడారిలో 20 సెంటీమీటర్లు కురిస్తే గొప్ప.

ఆ గండ్ల గుండా పడవలపై సాగిన తొలి శాస్త్రీయ యాత్రకు నాయకుడు జాన్ వెస్లీ పావెల్. అంతర్యుద్ధంలో కుడిచేతిని పోగొట్టుకొన్న సైనికాధికారి ఆయన. 1869 మే 24న పదిమంది మనుషులు, నాలుగు చెక్కపడవలు, పది నెలలకు సరిపడునన్న ఆహారపదార్థాలతో ఆ యాత్ర బయలుదేరింది. కొన్ని దినాలకే ఒక పడవ బండలకు తగిలి ముక్కలయింది. తిండిలో కొంత నీటిపాలు, కొంత బూజుపాలు అయినది. ఒకడు మధ్యలో విరమించుకొన్నాడు. చివరి దశలో ముగ్గురు నదిని నమ్మలేక కొండలెక్కిపోయి, తిరిగి రాలేదు. ఆగస్టు నెలాఖరున గండ్లను దాటి వెలుపలికి వచ్చినవారు ఆరుగురే. దారిలో ఒకచోట కొండగోడల ప్రక్కల నీటి ఊటలు, చెట్లు, చల్లని గుహలు, మెత్తని ఇసుకతిన్నెలు చూసి పావెల్ బృందం సేదదీరింది. ఆ భాగానికి ఆయన గ్లెన్ కాన్యన్ అని పేరుపెట్టాడు. లోయలోని లోయ అని దాని భావం.

పావెల్ సాహసికుడే గాక పరిశోధకుడు కూడా. ఆ ఎడారిలో నివసించే ఆదిమజాతుల భాషలను, పదాలను, ఆచారాలను ఆయన వ్రాసి పెట్టించాడు. ఆ ప్రాంతంలో ఉన్న నీరు ఉన్న నేలకంతటికీ చాలదని, దానిని తెలిసి వాడుకోవాలని 1878లో ప్రభుత్వానికి నివేదిక సమర్పించాడు. ఆనాడు ఆ మాటను విన్నవారు తక్కువ.

తరువాతి శతాబ్దంలో విద్యుత్తు కొరకు, నీటి నిల్వ కొరకు అదే గ్లెన్ కాన్యన్ దిగువన 216 మీటర్ల ఎత్తున ఆనకట్ట నిర్మింపబడింది. 1963 మార్చి 13న దాని తలుపులు మూసివేయబడినవి. జలాశయం పూర్తిగా నిండడానికి పదిహేడేళ్లు పట్టి, 1980లో నిండింది. దాదాపు 300 కిలోమీటర్ల పొడవున వ్యాపించిన ఆ జలాశయానికి పావెల్ పేరే పెట్టారు. ఏ లోయను చూసి ఆయన మురిసిపోయాడో ఆ లోయను ముంచిన నీటికే ఆయన పేరు రావడం చరిత్రలోని విచిత్రాలలో ఒకటి.

నేడు ఆ జలాశయంపై జరిగే విహారం ప్రపంచమంతటా ప్రసిద్ధి పొందింది. అది సాగే తీరు తెలుసుకోదగినది. కేరళలో కనిపించే నీటి ఇళ్ల వంటివే అక్కడి హౌస్‌బోట్లు. పడక గదులు, వంటగది ఉన్న వెడల్పైన మరపడవలు. వారానికి కావలసిన సరుకులు, త్రాగునీరు ఎక్కించుకొని బయలుదేరుతారు. సాయంకాలానికి ఏదో ఒక ప్రక్కలోయలో ఇసుక ఒడ్డుకు పడవ ముక్కును ఆనించి, ఇరువైపులా మోకులు చాచి, లంగరులను ఇసుకలో లోతుగా పాతిపెడతారు. రాత్రివేళ గాలి లేస్తే అంత పెద్ద పడవ కూడా త్రాళ్లు తెంచుకొని కొట్టుకొని పోగలదు. అందుచేత త్రాటిని ఎట్లా కట్టాలో తెలిసినవాడే అక్కడ పెద్దదిక్కు.

పెద్దపడవ పోలేని ఇరుకు సందులలోనికి కయాకు అనే చిన్నపడవలలో వెళతారు. ఒకరు లేక ఇద్దరు మాత్రమే కూర్చోగల సన్నని పడవ, రెండు కొసల ఆకులున్న ఒకే తెడ్డు. గాలి లేవకముందే, తెల్లవారుజామున, మార్గదర్శి ముందు సాగగా తక్కినవారు వరుసగా అనుసరిస్తారు. సందు లోపలికి పోయినకొద్దీ గోడలు దగ్గరవుతాయి, వెలుతురు తగ్గుతుంది. ఒక దశలో తెడ్డు అడ్డంగా త్రిప్పడానికి కూడా చోటుండదు. అక్కడ చేతులతో గోడలను తాకుతూ పడవను ముందుకు జరుపుకోవాలి.

ఆ మౌనంలో యాత్రికునికి తెలియని విషయం మార్గదర్శికి తెలిసి ఉండాలి. తలపైన ఆకాశం నిర్మలంగా ఉన్నా, ఎన్నో మైళ్ల అవతల కురిసిన వాన ఆ ఇరుకు సందుకు గోడవలె వచ్చిపడగలదు. 1997 ఆగస్టు 12న ఆ జలాశయపు పరిసరాలలోని యాంటిలోప్ కాన్యన్ అనే సన్నని సందులో నడుస్తూ విహరిస్తున్న యాత్రికులపై అటువంటి వరద వచ్చిపడి పదకొండుమంది ప్రాణాలు పోయినవి. వారు నిలిచిన చోట వాన లేనట్లే. ఎగువన కురిసిన గాలివాన అందుకు కారణం. ఆ దుర్ఘటన తరువాత అక్కడ హెచ్చరిక ఏర్పాట్లు, దిట్టమైన నిచ్చెనలు, వాతావరణ సమాచారం తప్పనిసరి అయినవి. ఎగువన ఏమి జరుగుతున్నదో తెలియకుండా దిగువన నిశ్చింతగా ఉండరాదన్నది ఏ గండికైనా వర్తించే పాఠం.

ఆ కయాకులకు ఇరువైపులా ఎఱ్ఱని కొండగోడపై మనిషిని మించిన ఎత్తులో ఒక తెల్లని పట్టీ కనబడుతుంది. జలాశయం నిండుగా ఉన్నప్పుడు నీటిలోని లవణాలు రాతికి అంటుకొనగా మిగిలిన గుర్తు అది. 2000 సంవత్సరం నుండి ఆ ప్రాంతాన్ని పట్టిన దీర్ఘమైన అనావృష్టి వలన నీటిమట్టం తగ్గుతూ వచ్చి, 2023 ఆరంభంలో జలాశయంలో నాలుగవ వంతు కంటె తక్కువ నీరు మిగిలింది. పడవలు దింపే రేవులు నీటికి ఎడమై ఎండిపోయినవి. అదే సమయంలో, నాలుగు దశాబ్దాలుగా మునిగి ఉన్న ప్రక్కలోయలు ఒక్కొక్కటిగా బయటపడసాగినవి. ఎడారిలోని దేవాలయమని పేరుపడ్డ మహాగుహ ఒకటి 2005లోను, 2021లోను తిరిగి దర్శనమిచ్చింది. బురద కొట్టుకొనిపోయినచోట మళ్లీ మొక్కలు మొలిచినవి. పావెల్ 1878లో చెప్పిన మాట అప్పటికి అందరికీ జ్ఞాపకం వచ్చింది.

ఇక్కడ ప్రశంసింపదగిన విషయం ఒకటి ఉన్నది. ఆనకట్ట పూర్తికాకముందే, ఆ లోయ మునిగిపోతుందని తెలిసి, 1950 దశకపు చివరిభాగం నుండి విశ్వవిద్యాలయ పండితులు, విద్యార్థులు కలసి అక్కడి ప్రాచీన నివాసాలను, శిలాచిత్రాలను, ధాన్యపు గాదెలను రెండువేలకు పైగా స్థలాలలో పరిశీలించి నమోదుచేశారు. మునగడాన్ని వారు ఆపలేకపోయినారు. కాని మునిగినదేమిటో వ్రాసిపెట్టినారు. నేడు మార్గదర్శి యాత్రికులకు నీటి అడుగున ఉన్న లోయను గురించి చెప్పగలుగుతున్నాడంటే ఆ వ్రాతలే ఆధారం. అయితే ఆ లోయను తరతరాలుగా పవిత్రంగా భావించిన నవాహో మొదలైన జాతులవారి మనోవేదనకు ఆ వ్రాతలు పరిహారం కాలేదన్నదీ నిజమే.

తెలుగునాట ఇటువంటి ఉదాహరణ లేకపోలేదు. నాగార్జునసాగర్ ఆనకట్టకు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగింది. కృష్ణాతీరాన ఇక్ష్వాకుల రాజధానియైన విజయపురి లోయ మునిగిపోతుందని తెలిసి, 1954 నుండి 1960 వరకు పురావస్తుశాఖవారు ఆ లోయ అంతటా త్రవ్వకాలు సాగించారు. ముఖ్యమైన కట్టడాలు కొన్నింటిని కొండపైకి, మరికొన్నింటిని అనుపు వద్దకు తరలించి పునర్నిర్మించారు. లాంచీలో నాగార్జునకొండకు వెళ్లే విద్యార్థికి ఇప్పటికీ ఆ మ్యూజియంలో లోయ కథ తెలుస్తుంది. శ్రీశైలం జలాశయం 1980 దశకపు ఆరంభంలో నిండినప్పుడు మునిగిన సంగమేశ్వరాలయం నీరు తగ్గిన వేసవులలో బయటపడుతుంది. భక్తులు కొద్దినెలలు పూజలు చేసుకొని, మళ్లీ కృష్ణమ్మకు అప్పగించి వస్తారు. దేవుని గుడికి ఈమాత్రం దక్కింది. ఆ జలాశయాలలో కలిసిన సామాన్యుల ఊళ్లకు, చావిళ్లకు, కళ్లాలకు మ్యూజియం లేదు, ఏటేటా దర్శనమూ లేదు.

ఇక ఈ ప్రాంతానికి వద్దాం. కొరాపుట్, మల్కనగిరి జిల్లాల పటం విప్పిచూస్తే జలాశయాలు నీలిమరకలవలె పరచుకొని కనిపిస్తాయి. మాడుగుల కొండలలో పుట్టిన మాచ్‌ఖండ్ నదిపై జలపుట్ వద్ద ఆనకట్ట కట్టబడింది. డుడుమ జలపాతపు ఎత్తును ఆధారం చేసుకొని నిర్మించిన విద్యుత్కేంద్రం 1955లో ఉత్పత్తి ప్రారంభించింది. ఆంధ్ర, ఒడిశా రాష్ట్రాల ఉమ్మడి సంపద అది. ఆ నదే దిగువన సీలేరు అయి బలిమెల జలాశయాన్ని నింపింది. అక్కడి విద్యుత్కేంద్రపు సామర్థ్యం 510 మెగావాట్లు. కొరాపుట్ సమీపాన ఎగువ కొలాబు పథకం 320 మెగావాట్ల సామర్థ్యంతో పాటు జయపురం ప్రాంతపు పొలాలకు సాగునీటిని సమకూర్చింది. ఈ వెలుగును, ఈ పంటను కాదనడం న్యాయం కాదు. విశాఖ కర్మాగారాలకు, ఉభయ రాష్ట్రాల ఇళ్లకు ఈ కొండనీటి విద్యుత్తు చేరింది. రాత్రివేళ దీపం క్రింద చదువుకొని వృద్ధిలోనికి వచ్చినవారు ఇటువంటి సభలలో ఎందరో కనిపిస్తారు.

కాని ఆ దీపానికి చమురు పోసినవారెవరో కూడా తలచుకోవాలి. ఈ జలాశయాలలో మునిగినవి ఎక్కువగా పరజా, గదబ, కోయ మొదలైన జాతుల పల్లెలు, వారి పల్లపు పొలాలు. పల్లపు మడి పోయినవాడు మెట్టకు ఎక్కాడు, మెట్ట చాలనివాడు అడవి నరికాడు, అడవి కూడా లేనివాడు పట్నపు రోడ్డుపనికి పోయాడు. బలిమెల జలాశయం చిత్రకొండ అవతల ఉన్న సుమారు 150 గ్రామాలను మూడువైపుల నీటితో చుట్టివేసింది. వాటికి ప్రభుత్వ భాషలో ‘కట్-ఆఫ్ ఏరియా’ అన్న పేరే స్థిరపడింది. సంతకు రావాలన్నా, పురిటిమనిషిని ఆసుపత్రికి చేర్చాలన్నా అక్కడివారికి లాంచీయే గతి. గాలి ఎక్కువైతే లాంచీ నడవదు. నాటుపడవలో సాహసించినవారందరూ ఆవలి ఒడ్డు చేరలేదు. ఈ స్థితి నాలుగు దశాబ్దాలు దాటి సాగి, 2018 జులై 26న గురుప్రియ వంతెన ప్రారంభమైన తరువాతనే మారింది. ఆ వంతెన పొడవు 910 మీటర్లు. అంత కొద్దిదూరం దాటడానికి రెండు తరాలవారు వేచి ఉండవలసి వచ్చింది. జలాశయం మీది పడవప్రయాణం ఒకరికి విహారం, మరొకరికి విధిలేని పని అన్న సంగతి ఆ గ్రామాల చరిత్రను మించి చెప్పగలిగినది మరొకటి లేదు.

ఈ కథ ఇంతటితో ముగిసిపోయినదైతే దీనిని పాతకాలపు బాధగా తలచి విడిచిపెట్టవచ్చును. అయితే కొలాబు నీరు చేరే పాపికొండలలో ఇదే కథ నేడు మరొకసారి జరుగుతున్నది.

పాపికొండల విహారం తెలుగువారికి చిరపరిచితం. నిండుగా ప్రవహించే గోదావరి అక్కడ సుమారు రెండువందల మీటర్ల వెడల్పుకు ముడుచుకొంటుంది. ఇరువైపులా దట్టమైన అడవి, మలుపు మలుపుకు దారి మూసుకొనిపోయినట్లు తోచి మళ్లీ తెరచుకొనే దృశ్యం, పేరంటాలపల్లి శివాలయం, కొల్లూరు ఇసుకతిన్నెలపై వెదురు గుడిసెలలో రాత్రి బస. ఇవి చూసి ఆనందించనివారు లేరు. ఈ కొండలు కొండరెడ్లకు నిలయాలు. ప్రసిద్ధ మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్ వారి నడుమ నివసించి, వారి జీవితాన్ని వివరిస్తూ 1945లో ఒక ఉద్గ్రంథం ప్రకటించాడు. కొండపోడు వ్యవసాయం, వెదురుపని, జీలుగుచెట్టు, నదిలో చేపలవేట, ఇవన్నీ అందులో నమోదయినవి.

నదిలో ఎక్కడ సుడి ఉన్నదో, ఏ నెలలో ఏ మలుపు ప్రమాదకరమో ఈ ఒడ్డులవారికి తెలిసినట్లు మరొకరికి తెలియదు. 2019 సెప్టెంబరు 15న దేవీపట్నం దగ్గరి కచ్చులూరు వద్ద, నది వరదమీద ఉన్నవేళ, డెబ్బయి మందికి పైగా ఉన్న విహారపడవ మునిగిపోయింది. ఆ దినాన ప్రాణాలతో బయటపడినవారు 26 మంది. వారిని నీటిలో నుండి లాగి ఒడ్డుకు చేర్చినవారు కచ్చులూరు గిరిజనులు. వారికి ఏ జీతమూ లేదు, ఏ అధికారమూ లేదు. కేకలు విని తమ చిన్నపడవలను వరదలోనికి త్రోసినారు. వారాల తరబడి ఎవరికీ అందని ఆ పడవను అక్టోబరులో బయటికి తీసినవారు కూడా కాకినాడ తీరపు ధర్మాడి సత్యం బృందం. పుట్టుకతో నీటిని ఎరిగిన పనివారు వారు. కొంతకాలం నిలిచిపోయిన విహారం 2021లో కట్టుదిట్టాలతో తిరిగి ప్రారంభమయింది. రక్షక కవచం లేనిదే పడవ ఎక్కరాదు, వరదవేళ పడవ కదలరాదు అన్న నియమాలు కాగితంపై ఉంటే చాలదు, ప్రయాణికుడే పట్టుబట్టి అడగాలి. విహారయాత్రకు పిల్లలను పంపే తల్లిదండ్రులు, వారిని తీసుకొనివెళ్లే ఉపాధ్యాయులు ఈ ఒక్కమాట మరువరాదు.

ఆ పాపికొండల దిగువన పోలవరం ఆనకట్ట నిర్మాణం సాగుతున్నది. 2014లో దానికి జాతీయ ప్రాజెక్టు హోదా వచ్చింది. 2021 జూన్‌లో గోదావరి ప్రవాహం స్పిల్‌వే మీదుగా మళ్లించబడింది. జలాశయపు పూర్తిమట్టం 45.72 మీటర్లు, అనగా 150 అడుగులు. నిండినప్పుడు పాపికొండల గండి అంతా ఒక సరస్సు అవుతుంది. లక్షకు పైగా కుటుంబాలు తరలిపోవలసి ఉన్నది. వారిలో అధికసంఖ్యాకులు కొండరెడ్లు, కోయలు. 2022 జులై వరదలో కూనవరం, చింతూరు, వరరామచంద్రపురం మండలాలు దినాల తరబడి నీటిలో ఉన్నవి. శబరి వెనుకకు తన్ని ఊళ్లను ముంచెత్తింది. రాబోయే కాలం ఎట్లా ఉంటుందో ఆ ప్రాంతంవారికి అప్పుడే కొంత తెలియవచ్చింది. గోదావరి డెల్టా రైతుకు, విశాఖ నగరపు దాహానికి, ఎండిన మెట్టప్రాంతాలకు ఆ నీరు అవసరమన్నది కూడా సత్యమే. ఈ రెండు సత్యాలలో ఒకదాన్ని చెప్పి రెండవదాన్ని దాచరాదు.

ఆ సరస్సుపైన రేపు హౌస్‌బోట్లు రాగలవు. కయాకులు కూడా రాగలవు. కొండశిఖరాలు ద్వీపాలై, యాత్రికులు మరింత మంది రాగలరు. గ్లెన్ కాన్యన్‌లో అరవై ఏళ్ల క్రిందట జరిగినదీ ఇదే. ఆనాడు యాత్రికుని ముందు తెడ్డువేసే మార్గదర్శి ఎవరై ఉంటారన్నది ముఖ్యమైన విషయం. నగరం నుండి వచ్చి, విన్నమాటలు వల్లించే ఉద్యోగి కావచ్చును. లేక ఆ నీటి అడుగున తన తాత పొలం దున్నిన కొండరెడ్డి యువకుడు కావచ్చును. ‘ఇక్కడ కొండ ఉన్నది’ అని మాత్రమే మొదటివాడు చెప్పగలడు. ‘ఇక్కడ మా ఊరి చింతచెట్టు ఉన్నది, దానికింద పంచాయితీ జరిగేది’ అని రెండవవాడు చెప్పగలడు. యాత్రికుడు వినదగినది రెండవవాని మాట. అటువంటి ఉపాధి ఆ యువకునికే దక్కాలన్న కోరిక న్యాయమైనది.

అయితే చెప్పడానికి ముందుగా జ్ఞాపకం ఉండాలి, జ్ఞాపకానికి వ్రాత కావాలి. ఊరు తరలిపోయిన పదేళ్లకు పొలాల పేర్లు పోతాయి. ఇరవై ఏళ్లకు రేవుల పేర్లు పోతాయి. ఆ ఊరిలో పుట్టినవారి తరం దాటితే ఊరిపేరే పోతుంది. జలపుట్ నీటికింద ఉన్న పల్లెలలో పుట్టినవారు నేడు బహువృద్ధులు. కొలాబు జలాశయంలో ఇల్లు పోయినవారు ఇప్పుడు తాతలు, అమ్మమ్మలు. వారిని అడిగే గడువు రోజురోజుకు తగ్గుతున్నది.

ఈ పనిని పండితులకే విడిచిపెట్టవలసిన అవసరం లేదు. పాఠశాల విద్యార్థి చేయగలిగిన పని ఇది. ఒక నోటుపుస్తకం, ఒక పెన్సిలు, వినే ఓపిక ఉంటే చాలు. ఇంటిలోను, ఇరుగుపొరుగునను జలాశయం వలన ఊరు మారినవారు ఉంటే వారిదగ్గర కూర్చుండి ఆ ఊరి పేరు, చెరువు పేరు, పొలాల పేర్లు, గ్రామదేవత పేరు, ఏటిని దాటే చోటు పేరు, సంతకు వెళ్లే దారి అడిగి వ్రాయవచ్చును. వారు చెప్పినది ఒడియాలోగాని, దేశియాలోగాని, కువిలోగాని ఉంటే ఆ మాటలనే తెలుగు అక్షరాలలో ఉంచవచ్చును. ఒక పేజీలో ఆ ఊరి పటం గీయించుకోవచ్చును. వృద్ధురాలి వ్రేలు కాగితంపై ఏటివంపును చూపుతుంటే పిల్లవాడు గీత గీస్తాడు. అదే చరిత్రరచన. ఆ పుస్తకాలను పాఠశాల గ్రంథాలయంలో ఒక బీరువాలో భద్రపరచితే, శతజయంతి సభనాటికి అవి వెలకట్టరాని నిధి అవుతాయి. పూర్వవిద్యార్థులలో శక్తి కలవారు ఆ బీరువాను సమకూర్చగలరు. ఉపాధ్యాయులు సెలవులకు ముందు ఒక తరగతిని దీనికి కేటాయించగలరు.

పావెల్ తొలి యాత్రలో కొలరాడో గండ్లలో పడవ నడిపినది వేసవి మూడు నెలలు మాత్రమే. ఆయన బృందం వ్రాసి ఉంచిన పుటలు నూటయాభై ఏళ్ల తరువాత కూడా చదువబడుతున్నవి. మునిగిన లోయకు అవి సాక్ష్యంగా నిలిచినవి. దేవమాలి నీడలో పుట్టిన కొలాబుకు అటువంటి సాక్షులు ఇప్పటికీ జీవించే ఉన్నారు. వారి మాటలను అందుకొనే పిల్లలు కూడా ఈ బడి బల్లలపైనే ఉన్నారు. ఇరువురినీ ఒకచోట కూర్చుండబెట్టడం డెబ్బయి అయిదేళ్ల పాఠశాలకు తగిన పని.

విద్యార్థులు రేపు పాపికొండలకో, నాగార్జునకొండకో, కొలాబు జలాశయానికో విహారయాత్రకు వెళ్లినప్పుడు పడవ అంచున కూర్చుండి ఆనందించవచ్చును, పాటలు పాడుకోవచ్చును. రక్షక కవచం కట్టుకోవడం మాత్రం మానరాదు. దిగేముందు ఒక్కసారి సరంగును అడగాలి: ‘అయ్యా, ఈ నీటి అడుగున ఏ ఊరున్నది?’ ఆయన చెబితే వ్రాసుకోవాలి. చెప్పలేకపోతే, తెలిసినవారు దొరికేవరకు అడుగుతూనే ఉండాలి.

ఈ విద్యాలయం శతవసంతాలు చూడాలని, దాని పుటలలో ఈ కొండల పేర్లు, నీటి పేర్లు, మునిగిన ఊళ్ల పేర్లు చెక్కుచెదరక నిలవాలని ఆకాంక్ష.